దళం మారినప్పుడు

అమలాపురంలో చదువుకునే ఒక విద్యార్థి ఆ మధ్య నాకొక ఆల్బమ్ వినిపించాడు. బర్మింగ్‌హాం కార్మికవాడల నుంచి వచ్చిన బ్లాక్ సబ్బాత్ బృందం 1980లో విడుదల చేసిన ‘హెవెన్ అండ్ హెల్’ అది. పాత గాయకుడు ఆజీ ఆస్‌బర్న్‌ను 1979లో తొలగించి, రోనీ జేమ్స్ డియో అనే అమెరికన్ను తెచ్చుకొని చేసిన పని. “గొంతు మారాక కూడా అది ఆ బృందమే అంటారా మాస్టారూ?” అని అతని ప్రశ్న.

అవుననే అన్నాను. ఆ బృందపు నాదానికి మూలం గొంతు కాదు, గిటారు. టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో రేకుల కర్మాగారంలో యంత్రం కింద కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ సీసా కరిగించి వాటికి తొడుగులు చేసుకున్నాడు. పలుచని తీగలు బిగించాడు. కొన్నాళ్లకు శ్రుతి కూడా తగ్గించి వాయించాడు. ఆ బరువైన నాదంలో కర్మాగారపు గాయం ఉంది. అది 1980లోనూ పోలేదు. పాటల రచన మాత్రం చాలావరకు పూర్వం బాస్ వాయించే గీజర్ బట్లర్‌ది, ఇప్పుడు డియో చేతికి వచ్చింది. రాగం పెరిగిందనీ, వీధి తగ్గిందనీ నాకు తోచింది. ఆ కుర్రవాడు ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

కాని మన సొంత చరిత్రలో ఇంతకంటె చిక్కైన ఉదాహరణ ఉంది. దాన్ని గురించి మనవాళ్లు తొందరపడి తీర్పు చెబుతూ వచ్చారని నా అభిప్రాయం. డాక్టర్ గరికపాటి రాజారావు 1953లో తీసిన ‘పుట్టిల్లు’ సంగతి చెబుతున్నాను.

రాజారావు 1915లో రాజమండ్రిలో పుట్టాడు. వృత్తికి వైద్యుడు. 1943లో ఏర్పడిన ఆంధ్ర ప్రజానాట్యమండలికి ప్రాణం పోసినవారిలో ముఖ్యుడు. సుంకర, వాసిరెడ్డి కలిసి రాసిన ‘మా భూమి’ని 1947 నుంచి వందకు పైగా దళాలు ఊరూరా ఆడాయి. ఈ అంకెను కాస్త ఆగి ఆలోచించండి. వంద దళాలు ఒకే నాటకం ఆడుతున్నప్పుడు ‘అసలు దళం’ ఏది? ఏదీ కాదు. బుర్రకథలోనూ అంతే. తంబురా పట్టిన కథకుడి పక్కన డక్కీలు వాయించే వంతలు మారవచ్చు. కథ నిలుస్తుంది, ఎందుకంటే దాన్ని పిలిపించుకున్న రైతుసంఘం, చెప్పించుకున్న ఊరు నిలిచి ఉన్నాయి.

మద్రాసు కాంగ్రెసు ప్రభుత్వం ‘మా భూమి’ని నిషేధించింది. 1948 నుంచి కమ్యూనిస్టులపై నిర్బంధం విరుచుకుపడింది. కళాకారులు కొందరు జైళ్లకు, కొందరు అజ్ఞాతానికి, కొందరు మద్రాసుకు చేరారు. మిక్కిలినేని, కె.బి. తిలక్, వి. మధుసూదనరావు వంటివారు సినిమాలో స్థిరపడ్డారు. నాజర్ బుర్రకథ కూడా 1954లో ‘అగ్గిరాముడు’ ద్వారా తెరకెక్కింది.

ఆ చెదిరిన గూటిలోంచే రాజారావు ‘పుట్టిల్లు’కు మనుషులను ఏరుకున్నాడు. ‘మా భూమి’లో వేషం వేసిన దుగ్గిరాల పిల్ల జమున కథానాయిక. మా రాజోలు నుంచి వసిష్ఠ దాటి కాస్త ముందుకు వెళితే వచ్చే పాలకొల్లు మనిషి అల్లు రామలింగయ్య హాస్యానికి. ఇద్దరికీ అదే తొలి చిత్రం. సినిమా ఆడలేదు. రాజారావు ఆర్థికంగా దెబ్బతిన్నాడు, 1963లో కన్నుమూశాడు.

‘సినిమాకు పోయారు, ప్రజలను వదిలారు’ అనే మాట మనలో ఒకప్పుడు చాలా తేలికగా వాడారు. నేను దీన్ని అంగీకరించను. వెళ్లినవారిలో కడుపుకోసం వెళ్లినవారే ఎక్కువ. వారికి కూడు పెట్టే నిర్మాణం అప్పటికి మిగల్లేదు. పోనీ కొత్తవాళ్ల వల్ల చిత్రం చెడిందందామా? ఆ కొత్తవాళ్లే తరువాత దశాబ్దాల పాటు తెలుగు తెరను ఏలారు. రాజారావుకు దొరకనిది మనుషులు కాదు. ఊరి మధ్య ఆడే నాటకానికి చందా వేసి, నేలమీద కూర్చుని, తన భూమి గొడవే అక్కడ చూసుకునే రైతు ఉండేవాడు. సినిమాకు ఆ స్థానంలో పంపిణీదారు వచ్చాడు. పెట్టుబడి వారాల్లో తిరిగి రావాలి. రాకపోతే డబ్బా మూలపడుతుంది. అయోమీకి పాత శ్రోత మిగిలాడు, గొంతు మాత్రం మారింది. రాజారావుకు సహచరులు కొంతవరకు మిగిలారు, శ్రోత మారిపోయాడు. ఈ రెండో మార్పును తట్టుకోవడం ఏ దళానికైనా కష్టమే.

ఇప్పుడు కోనసీమలో కొత్తగా పాటల దళం కట్టాలనుకునే విద్యార్థులు మంచి గొంతు ఎక్కడుందని వెదుకుతున్నారు. దళాన్ని ఏ ఊరు పిలుస్తుందని అడిగితే జవాబు రావడం లేదు.

జమున 1989లో లోక్‌సభకు ఎన్నికయింది. నియోజకవర్గం రాజారావు పుట్టిన రాజమండ్రి. టిక్కెట్టు కాంగ్రెసుది.