పాత లారీలలో ఛార్జింగు లోపాల నిర్ధారణ

పాత లారీలలో ఛార్జింగు లోపాల నిర్ధారణ అనగా, ఇంజను నడుస్తున్నపుడు బ్యాటరీలకు తగినంత విద్యుత్తు అందకపోవడానికి, లేదా అవసరానికి మించి అందడానికి కారణం ఎక్కడ ఉన్నదో వరుస పరీక్షలతో కనుగొనే పద్ధతి. ఈ వ్యాసం కంప్యూటరు నియంత్రణ లేని పాత డీజిలు లారీలకు సంబంధించినది. భారతదేశంలో భారీ లారీలలో సాధారణంగా రెండు 12 వోల్టుల బ్యాటరీలను శ్రేణిలో కలిపి 24 వోల్టులు పొందుతారు. ఇక్కడ ఇచ్చిన అంకెలు అటువంటి లారీలవి. 12 వోల్టుల ఏర్పాటు ఉన్న లారీలకు వోల్టేజీ అంకెలను సగం చేసి చదువుకోవాలి.

భాగాలు, వాటి పేర్లు

తొలితరం లారీలలో డైనమో ఉండేది. అది కమ్యుటేటరు, కార్బన్ బ్రష్షుల ద్వారా నేరుగా ఏకముఖ విద్యుత్తును ఇస్తుంది. ఇంజను నెమ్మదిగా తిరిగేటపుడు దాని ఉత్పత్తి చాలా తక్కువ. ఇంజను ఆగినపుడు బ్యాటరీ నుండి డైనమోలోకి విద్యుత్తు వెనుకకు ప్రవహించకుండా ఆపడానికి కటౌటు అనే రిలే అవసరమయ్యేది. తరువాత ఆల్టర్నేటరు వచ్చింది. అమెరికాలో క్రిస్లర్ సంస్థ 1960 నమూనా వేలియంట్ కారుతో దీనిని అందరికీ అందుబాటులోకి తెచ్చింది. ఆల్టర్నేటరులో మూడు ఫేజుల ఏకాంతర విద్యుత్తు పుడుతుంది. దానిని ఆరు డయోడులు ఏకముఖ విద్యుత్తుగా మారుస్తాయి. వెనుకకు ప్రవహించకుండా ఆపే పని కూడా ఈ డయోడులే చేస్తాయి కనుక కటౌటు అవసరం లేదు. వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటరు మాత్రం రెండింటికీ కావాలి.

అయినా మరమ్మతు షెడ్లలో పాత పేర్లు పోలేదు. ఆల్టర్నేటరును డైనమో అనీ, రెగ్యులేటరును కటౌటు అనీ అనడం ఇప్పటికీ వినబడుతుంది. (సినిమా హాళ్ళ ముందు నిలబెట్టే కటౌటుతో దీనికి సంబంధం లేదు.) మెకానిక్కు "కటౌటు పోయింది" అన్నపుడు అతడు చెబుతున్నది ఏ భాగమో అడిగి తెలుసుకోవడం మంచిది.

లోపం ఆలస్యంగా బయటపడటం

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ కోసం విద్యుత్తు నిరంతరం కావాలి. డీజిలు ఇంజనులో ఇంధనం సంపీడనం వలన కలిగే వేడికే మండుతుంది. పాత లారీలలో ఇంధన పంపు కూడా యాంత్రికమైనదే. కాబట్టి ఒకసారి సెల్ఫ్ కొట్టి ఇంజను నడిపించిన తరువాత, ఛార్జింగు పూర్తిగా ఆగిపోయినా లారీ పగలంతా మామూలుగానే నడుస్తుంది. చీకటి పడ్డాక అసలు చిక్కు మొదలవుతుంది. ఒక్కొక్కటి 75 వాట్ల హెడ్‌లైట్లు రెండు కలిసి 6 ఆంపియర్లకు పైగా తీసుకుంటాయి. వెనుక దీపాలు, వైపరు దీనికి అదనం. ఈ భారమంతా బ్యాటరీల మీదే పడితే గంటలు గడిచేకొద్దీ దీపాలు ఎర్రబడి, వెనుక వచ్చే వాహనానికి లారీ కనబడని స్థితి వస్తుంది. లారీని ఎత్తు మీద నిలిపి, దొర్లించి గేరులో వేసి స్టార్టు చేసే అలవాటు ఈ లోపాన్ని మరింత కాలం దాచిపెడుతుంది.

డ్యాష్‌బోర్డులోని ఎర్రదీపం మీద పూర్తిగా ఆధారపడరాదు. తాళం తిప్పినపుడు వెలిగి, ఇంజను నడవగానే ఆరిపోవడం దాని ధర్మం. తాళం తిప్పినపుడు అసలు వెలగకపోతే బల్బు మాడిపోయి ఉండవచ్చు. పలు ఆల్టర్నేటర్లకు తొలి అయస్కాంత క్షేత్రం కలిగించే కొద్దిపాటి విద్యుత్తు ఆ బల్బు ద్వారానే వెళ్తుంది. అందువలన చిన్న బల్బు పోయినందుకు మంచి ఆల్టర్నేటరును విప్పిన సందర్భాలు తక్కువేమీ కాదు.

ముందు బ్యాటరీలు

పరీక్షను బ్యాటరీలతోనే మొదలుపెట్టాలి. దిగిపోయిన బ్యాటరీని పెట్టుకొని ఆల్టర్నేటరును పరీక్షిస్తే వచ్చే అంకెలకు అర్థం ఉండదు. ఇంజను ఆపి కొన్ని గంటలు గడిచిన తరువాత ఒక్కొక్క బ్యాటరీని విడిగా కొలవాలి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్లు, 12.2 ఉంటే సుమారు సగం, 11.9కి తగ్గితే దాదాపు ఖాళీ అయినట్లు. రెంటినీ కలిపి 24.6 చూసి తృప్తిపడితే, ఒకటి 12.7, మరొకటి 11.9గా ఉన్న సంగతి తెలియదు.

ఇటువంటి తేడాకు తరచు కారణం, 12 వోల్టుల టేపురికార్డరునో, ఫ్యానునో రెండు బ్యాటరీలలో ఒకదాని నుండి మాత్రమే కలపడం. ఆ బ్యాటరీ ఎక్కువ దిగుతుంది. కానీ శ్రేణిలో ఉన్నందున ఛార్జింగు ప్రవాహం రెంటికీ ఒకటే. ఫలితంగా ఒకటి ఎప్పుడూ ఆకలితో, మరొకటి అజీర్తితో ఉంటాయి. కొంతకాలానికి రెండూ పాడవుతాయి. ఒక్క బ్యాటరీనే కొత్తది వేసినా ఇదే పరిస్థితి తలెత్తుతుంది కనుక జతగా మార్చడం మేలు. మూతలు తీయగలిగిన బ్యాటరీలలో హైడ్రోమీటరుతో ఆమ్లం సాపేక్ష సాంద్రతను కూడా చూడాలి. ఒక సెల్లుకూ మిగిలిన వాటికీ మధ్య తేడా 0.050కి మించితే ఆ సెల్లు చెడిపోయినట్లే.

ఇంజను నడిపి చేసే పరీక్ష

ఫ్యాన్ బెల్టు బిగువుగా ఉన్నదో లేదో చూసి (బొటనవ్రేలితో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు దిగాలి), ఇంజనును మధ్యస్థ వేగంతో నడిపి, బ్యాటరీల రెండు చివరల మధ్య వోల్టేజీ కొలవాలి. 27.5 నుండి 28.8 వోల్టుల వరకు ఉంటే సరియైనది. తరువాత హెడ్‌లైట్లు, వైపరు అన్నీ వేసి మళ్ళీ కొలవాలి. అప్పుడు కూడా 27కు పైన నిలబడాలి. 25 దగ్గరే ఉంటే ఛార్జింగు లేదు. 30కి చేరితే రెగ్యులేటరు అదుపు తప్పినది. బల్బులు తరచు మాడటం, డిస్టిల్ వాటరు త్వరగా తగ్గిపోవడం దీని గుర్తులు.

వోల్టేజీ తక్కువగా ఉన్నదని వెంటనే ఆల్టర్నేటరును దించడం సాధారణంగా జరిగే పొరపాటు. పాత లారీలలో వైర్ల చివరలు తుప్పుపట్టి, ఛాసిస్ ఎర్త్ బోల్టుల కింద మట్టి, రంగు పేరుకొని నిరోధం పెరుగుతుంది. దీనిని కంటితో పోల్చుకోవడం కష్టం. దీపాలన్నీ వేసి ఇంజను నడుస్తుండగా, మల్టీమీటరు ఒక కొనను ఆల్టర్నేటరు ప్రధాన టెర్మినలుకు, రెండవ కొనను బ్యాటరీ ధన ధ్రువానికి ఆనించాలి. తీగ మంచిదైతే అంకె అర వోల్టు లోపే ఉంటుంది. అలాగే ఆల్టర్నేటరు లోహపు ఒడలికీ, బ్యాటరీ రుణ ధ్రువానికీ మధ్య కొలిస్తే 0.2 వోల్టులకు మించరాదు. ఎక్కువ వచ్చిన వైపు తీగను ముక్కలుగా విభజించి కొలుస్తూ పోతే చెడ్డ అతుకు దొరుకుతుంది. గీకి శుభ్రం చేసి బిగిస్తే చాలు, ఖర్చు లేదు.

ఆల్టర్నేటరా, రెగ్యులేటరా

తీగలు బాగున్నాయని తేలిన తరువాతనే ఈ ప్రశ్న. రెగ్యులేటరు విడిగా ఉన్న లారీలలో దానిని తప్పించి, ఫీల్డు చుట్టకు కొన్ని క్షణాలు పూర్తి విద్యుత్తు ఇస్తారు. వోల్టేజీ పెరిగితే ఆల్టర్నేటరు మంచిది, రెగ్యులేటరు చెడ్డది. పెరగకపోతే బ్రష్షులు, స్లిప్ రింగులు, చుట్టలు, డయోడులు చూడాలి. ఫీల్డు చుట్టకు కొన్ని నమూనాలలో ఎర్త్ వైపు నుండి, కొన్నింటిలో ధన ధ్రువం వైపు నుండి నియంత్రణ ఉంటుంది కాబట్టి వైరింగు పటం చూడకుండా ఈ పరీక్ష చేయరాదు.

ఒక డయోడు తెగితే ఛార్జింగు తగ్గుతుంది. షార్టయితే రాత్రంతా బ్యాటరీ దాని గుండా దిగిపోతూ ఉంటుంది. ఇంజను ఆపి చాలా గంటలైనా ఆల్టర్నేటరు ఒడలు గోరువెచ్చగా ఉంటే ఈ లోపాన్ని అనుమానించవచ్చు.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి "ఇంజను ఆగలేదు, డైనమో బాగుంది" అనుకోవడం డైనమోల కాలపు అలవాటు. డీజిలు ఇంజను ఎలాగూ ఆగదు కనుక ఆ పరీక్ష ఏమీ తేల్చదు. పైగా ఆల్టర్నేటరు ఉన్న లారీలో ఆ క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి డయోడులను, రెగ్యులేటరును కాల్చివేయగలదు. ఛార్జింగు సమయంలో బ్యాటరీల నుండి హైడ్రోజను వాయువు వెలువడుతుంది. దగ్గరలో బీడీ, అగ్గిపుల్ల ఉండరాదు. ఆమ్లం కంట్లో పడితే వెంటనే ధారాళంగా నీటితో కడిగి వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.