పాత పీపాలు, కొత్త కాపు

పాత ఇనప సామాను కొనే కొట్టును మా బెంగళూరులో గుజరీ అంటాం. మద్రాసు తెలుగువాళ్లు కాయలాన్ కడ అంటారు. షోలాపూరు, బొంబాయి వైపు మనవాళ్లకు అది భంగారు దుకాణం. ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి మాట మన నోటికి అంటుకుంది. పేరేదైనా పని ఒకటే. ఒకరు పనికిరాదని తోసేసినదాన్ని ఇంకొకరు ఏరుకుని పనిలో పెట్టుకోవడం. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని సామెత ఉన్నా, రోత అనుకున్న సామానుతో ఒక విద్య మళ్లీ బతికిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. అందులో ఒకటి అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునేవారి కథ. ఆ కథ కొస ఒకటి మా బెంగళూరుకు వచ్చి తగిలింది. దాన్ని ఈ పత్రికలో రాయడానికి అదొక కారణం. రెండో కారణం చివర చెబుతాను.

మద్యం మాట ఎత్తగానే ముఖం చిట్లించే పాఠకులు ఉంటారని తెలుసు. వారిని తప్పుపట్టను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగడిని ఎదిరించి నిలబడినప్పుడు, సరిహద్దుకు ఇవతల ఉన్న మనమూ సంతోషించాం. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో మద్యనిషేధం రావడం, 1997లో అది సడలిపోవడం చూశాం. ఇంట్లో బీరు కాచుకోమని నేను చెప్పబోవడం లేదు. అనుమతి లేకుండా అలా కాచడం మన ఎక్సైజు చట్టాల కింద నేరం కూడా. నా ప్రశ్న వేరు. ఇంట్లో చేసుకునే ఒక పని ఇంటి చేతిలోంచి ఎలా జారిపోతుంది? జారిపోయినది తిరిగి ఎలా వస్తుంది?

ముందు బీరంటే ఏమిటో రెండు మాటలు. రాగిమాల్టు చేసే ఇంటివాళ్లకు ఇందులో సగం తెలిసినదే. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్టు అవుతుంది. దాన్ని మరపట్టి వేడినీళ్లలో ఓ గంటసేపు ఉంచితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తియ్యటి రసాన్ని వడగట్టి, హాప్స్ వేసి మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపి పులియబెడతారు. హాప్స్ అనేది ఒక తీగ. గంజాయి మొక్క కుటుంబానికి చెందినది. ఆడ తీగకు కాసే పచ్చటి పూలగుత్తుల్లో పసుపుపచ్చని పొడి ఉంటుంది. చేదు, వాసన అందులోంచే వస్తాయి. మరిగినప్పుడు ఆ పొడిలోని ఆమ్లాలు రూపం మార్చుకుని రసంలో కరుగుతాయి. పులుపెక్కించే కొన్ని సూక్ష్మజీవులను అవి ఎదగనివ్వవు. కల్లు పొద్దున దించితే సాయంత్రానికి పులిసిపోవడం మనకు తెలుసు. హాప్స్ వేసిన బీరు నెలల తరబడి నిలవ ఉంటుంది. కలకత్తా, మద్రాసు రేవులకు ఇంగ్లండు నుంచి ఓడల్లో బీరు వచ్చిందంటే దండిగా వేసిన ఈ చేదుపూల చలవ చాలా ఉంది.

నిలవ ఉండే సరుకునే దూరం పంపగలం. దూరం పంపగలిగితే పెద్ద ఎత్తున కాయవచ్చు. ఇంగ్లండులో హాప్స్ రాక ముందు బీరు కాచడం చాలావరకు ఆడవాళ్ల ఇంటిపని. మిగిలినది ఇరుగుపొరుగుకు అమ్ముకునేవారు. నిలవ, రవాణా, పెట్టుబడి కలిసేసరికి అది మగవాళ్ల వ్యాపారమై, తరువాత కంపెనీల పని అయింది. ఆ వెనకే పన్ను వచ్చింది. 1880లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం మాల్టు మీద పన్ను తీసి బీరు మీద వేసినప్పుడు, సొంతానికి కాచుకునేవాళ్లు కూడా లైసెన్సు తీసుకోవలసి వచ్చింది. 1963లో ఆర్థికమంత్రి మాడ్లింగ్ ఆ లైసెన్సును ఎత్తివేసేదాకా అదే వరస.

అమెరికా కథ ఇంకా కఠినం. 1920 జనవరిలో దేశమంతటా మద్యనిషేధం అమలులోకి వచ్చింది. బీరు కంపెనీలు కొన్ని మాల్టు పాకాన్ని డబ్బాల్లో పోసి, రొట్టెల తయారీకని పేరుపెట్టి అమ్ముకున్నాయి. కొన్నవాళ్లు దాన్ని దేనికి వాడారో అమ్మినవాళ్లకూ తెలుసు, ప్రభుత్వానికీ తెలుసు. వంటింటి జాడీల్లో పాకం, చక్కెర, రొట్టెలకు వాడే ఈస్టు కలిపి పులియబెట్టారు. ఆ బీరు రుచి గురించి మంచిగా చెప్పుకున్నవాళ్లు తక్కువ. 1933 డిసెంబరులో నిషేధం పోయింది. ఇంట్లో ద్రాక్షసారా చేసుకోవడానికి అనుమతి దొరికింది గాని, బీరుకు దొరకలేదు. అలా ఇంకో 45 ఏళ్లు గడిచాయి.

ఈ లోపల పెద్ద కంపెనీలు చిన్నవాటిని మింగాయి. 1970ల చివరికి అంత పెద్ద దేశంలో బీరు కంపెనీలు వందలోపే మిగిలాయి. అన్ని సీసాల్లోనూ దాదాపు ఒకటే రుచి. మరో రుచి ఉంటుందని తెలిసినవాళ్లు విదేశాలు చూసొచ్చినవాళ్లే.

అలాంటివాడొకడు జాక్ మెకాలిఫ్. అమెరికా నౌకాదళంలో పనిచేస్తూ 1960లలో స్కాట్లండులో ఉన్నాడు. అక్కడి బీరు నచ్చి, గ్లాస్గోలో ఒక మందుల దుకాణంలో ఇంట్లో బీరు కాచే సామాను కొన్నాడు. అలాంటి సామాను బాహాటంగా అమ్మగలిగారంటే 1963లో లైసెన్సు పోవడమే కారణం. ఒక దేశంలో సడలిన చట్టం ఇంకో దేశపు మనిషికి విద్య నేర్పింది. స్వదేశానికి వెళ్లాక 1976లో కాలిఫోర్నియాలోని సొనోమాలో సూజీ స్టెర్న్, జేన్ జిమ్మర్‌మన్‌లతో కలిసి న్యూ ఆల్బియన్ అనే కంపెనీ పెట్టాడు. కంపెనీ అనడం మర్యాదకే. చిన్న మోతాదులో కాచే యంత్రాలు ఆ దేశంలో ఎవరూ తయారు చేయడం లేదు, చేసినా కొనే డబ్బు అతనికి లేదు. మెకాలిఫ్‌కు వెల్డింగు వచ్చు. కోకాకోలా పాకం నింపిన 55 గాలన్ల, అంటే 208 లీటర్ల, స్టీలు పీపాలను తెచ్చాడు. మూతబడ్డ పాల డెయిరీల సామాను ఏరుకున్నాడు. నీళ్లు పైన, మాల్టు దాని కింద, పులిసే పీపాలు ఇంకా కింద పెట్టి, పంపుల ఖర్చు తగ్గించి బరువు మీదే రసం దిగేలా కట్టుకున్నాడు. ఒక్కో కాపుకు వచ్చేది దాదాపు 170 లీటర్లు. ఎలా కాయాలో చెప్పే పెద్దలు లేకపోతే డేవిస్‌లోని విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పాత పుస్తకాలు తిరగేశాడు.

ఇదే సమయానికి హాప్స్ కూడా మారాయి. ఒరెగాన్‌లో ప్రభుత్వ శాస్త్రజ్ఞులు ఇంగ్లండు రకం ఫగుల్‌ను, రష్యా రకాన్ని కలిపిన పరిశోధన నుంచి క్యాస్కేడ్ అనే రకం 1972లో విడుదలైంది. నారింజజాతి పండ్ల వాసన దానిది. పాత పీపాలలో ఈ కొత్త పువ్వు మరిగింది.

న్యూ ఆల్బియన్ నిలబడలేదు. అంత చిన్న కాపుతో ఖర్చులు రావు, పెంచుదామంటే అప్పు పుట్టలేదు. 1982లో మూసేశారు. అయితే తుక్కు తుక్కులోకి పోలేదు. ఆ సామానును, ఈస్టును అక్కడ పనిచేసినవాళ్లు హాప్లండ్ అనే ఊరికి తీసుకెళ్లారు. ఒకప్పుడు హాప్స్ తోటలుండి, వాటివల్లే పేరు తెచ్చుకుని, 1950లలో ఆ తోటలు పోగొట్టుకున్న ఊరది. 1983లో అక్కడ మెండొసీనో కంపెనీ, నిషేధం తరువాత కాలిఫోర్నియాలో సొంతంగా బీరు కాచి అక్కడే పోసే మొదటి అంగడిని తెరిచింది. కోకాకోలా మోసిన పీపాల సంతానం రెండో ఇల్లు చేరింది.

ఇప్పుడు మా బెంగళూరు. 1915లో థామస్ లీష్‌మన్ అనే స్కాట్లండువాడు నీలగిరుల్లోని క్యాసిల్ బ్రూవరీని, బెంగళూరు చుట్టుపక్కలవి మరికొన్నింటిని కలిపి యునైటెడ్ బ్రూవరీస్ పెట్టాడు. దండు ప్రాంతపు సోల్జర్ల దాహం ఆ వ్యాపారానికి పునాది. 1947లో విఠల్ మాల్యా అందులో మొదటి భారతీయ డైరెక్టరయ్యాడు. ఆయన కొడుకు కాలంలో, 1997లో, ఆ యూబీ గ్రూపే హాప్లండ్‌లో పుట్టిన మెండొసీనో కంపెనీలో పెద్ద వాటా కొన్నది. గుజరీ సామానుతో మొదలైన పనికి యజమాని బెంగళూరు దొర అయ్యాడు. ఆ కంపెనీ 2018లో మూతపడింది. యునైటెడ్ బ్రూవరీస్ సంస్థ కూడా 2021లో నెదర్లాండ్స్‌కు చెందిన హైనెకెన్ చేతికి వెళ్లింది. కంపెనీలు చేతులు మారుతూ ఉంటాయి, విద్య మటుకు ఇంకో దారిలో నడిచింది.

ఆ దారిని తెరిచింది చట్టమే. 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో, ఇంట్లో ఒక పెద్దమనిషి ఉంటే ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరుంటే 200 గాలన్ల బీరు పన్ను లేకుండా కాచుకోవచ్చు. అమ్మకూడదు. రాష్ట్రాలు వేరేగా ఒప్పుకోవాలి. చివరి రెండు రాష్ట్రాలు, అలబామా, మిసిసిపి, 2013లో గాని ఒప్పుకోలేదు.

అనుమతి వచ్చాక పాత్రలు కావాలి. అవి మళ్లీ తుక్కులోంచే వచ్చాయి. శీతల పానీయాల అంగళ్లు పాకాన్ని 19 లీటర్ల స్టీలు పీపాల్లో తెప్పించుకునేవి. 1980లు, 90లలో ఆ పాకం అట్టపెట్టెలోని ప్లాస్టిక్ సంచుల్లో రావడం మొదలైంది. పీపాలు కుప్పలుగా చౌకగా బయటపడ్డాయి. మూత గట్టిగా బిగుస్తుంది, గ్యాసు ఒత్తిడి తట్టుకుంటుంది. ఇంటి బీరుకు దేవుడిచ్చిన పాత్ర అనుకున్నారు. 58 లీటర్ల బీరు పీపా పైభాగం కోసి మరిగించే గంగాళం చేసుకున్నారు. విహారాలకు తీసుకెళ్లే ఐసుపెట్టె అడుగున, సన్నటి గాట్లు పెట్టిన రాగి గొట్టం అమర్చితే మాల్టు నానబెట్టి వడగట్టే తొట్టి అయింది. చల్లగా ఉంచే పెట్టె వేడినీ నిలుపుతుంది కదా. రాగి గొట్టాన్ని చుట్టగా చుట్టి, అందులోంచి చన్నీళ్లు పారిస్తే మరిగిన రసం త్వరగా చల్లారుతుంది.

ఇందులో వివేకమూ ఉంది. ఏరినదల్లా పాత్ర కాదు. జింకు పూత పూసిన బకెట్టులో పుల్లటి రసం పోస్తే జింకు కరుగుతుంది. నిషేధం రోజుల్లో దొంగసారా కాచేవాళ్లు మోటారు రేడియేటర్లు వాడితే, వాటి అతుకుల్లోని సీసం తాగినవాళ్ల ఒంట్లోకి పోయింది. రసాయనాలు మోసిన పీపాను ఎంత తోమినా నమ్మకూడదు. ఒత్తిడి పోనివ్వకుండా పీపాను కోయడం ప్రాణాంతకం. ఇంకొకటి: బయానా కట్టినంత మాత్రాన బీరు పీపా మనది కాదు, అది కంపెనీ సొత్తు. ఈ జాగ్రత్తలన్నీ ఒకరికొకరు చెప్పుకున్నవే. లాస్ ఏంజిలిస్‌లో 1974లోనే, అంటే చట్టం రాక ముందే, ఒక సంఘం ఏర్పడింది. 1978లో బౌల్డర్‌లో చార్లీ పపాజియన్, మిత్రులు దేశమంతటికీ సంఘం పెట్టి పత్రిక నడిపారు. చీకో అనే ఊళ్లో ఇంటి బీరు సామాను అమ్మే దుకాణం నడిపిన కెన్ గ్రాస్‌మన్, తోడుదారు పాల్ కముసీతో కలిసి డెయిరీ తొట్లను మార్చుకుని 1980లో సియెర్రా నెవాడా మొదటి కాపు దించాడు. అది నిలిచి పెరిగింది. వందలోపున్న కంపెనీలు ఇప్పుడు 9,000 దాటాయి. వాటిలో చాలామంది యజమానులు ముందు ఇంట్లో కాచినవాళ్లే.

ఇక రెండో కారణం. నిషేధం ఉన్నన్నాళ్లూ అమెరికా ఇళ్లలో బీరు కాచడం ఆగలేదు. ఆగింది బాగా కాచడం. పుస్తకం లేదు, మంచి సరుకు లేదు, నీది బాగుంది, నాది పులిసిందని నలుగురిలో చెప్పుకునే వీలు లేదు. చాటుగా బతికిన విద్య బతికింది గాని చిక్కిపోయింది. దాన్ని తిరిగి లేపినవి మూడు: ఎవరో వదిలేసిన పాత్రలు, గ్రంథాలయంలో దుమ్ముపట్టిన పుస్తకాలు, నెలకోసారి కలుసుకునే సంఘాలు.

మన తెలుగు సంగతి చూడండి. పోలిక పూర్తిగా కుదరదు. ఇంట్లో తెలుగు మాట్లాడవద్దని మనకు ఎవరూ చెప్పలేదు. కాని తమిళనాడులో 2006 చట్టం తమిళాన్ని తప్పనిసరి చేశాక, బడిలో తెలుగు చదవడానికి మన పిల్లలకు కోర్టుల దాకా వెళ్లవలసి వచ్చింది. మిగతాచోట్లా బడి తగ్గినకొద్దీ భాష ఇంటికి పరిమితం అవుతోంది. ఇంట్లో ఉంది కదా, పోదులే అని మనం ధైర్యం చెప్పుకుంటాం. ఆ ధైర్యం చాలదని ఈ బీరు కథ చెబుతోంది. ఇంట్లో మిగిలినది కూరగాయల పేర్లకు, కోపతాపాలకు సరిపోతుంది. ఉత్తరం రాయడానికి, వాదించడానికి, పద్యం విని తప్పొప్పులు చెప్పడానికి సరిపోదు.

మూతబడ్డ తెలుగు బడి బీరువాలో వాచకాలు ఇంకా ఉండవచ్చు. తూకానికి వేసే ముందు వాటిని ఒకసారి విప్పి చూడండి. ఆదివారం పూట నలుగురు పిల్లలను కూర్చోబెట్టడానికి ఒక వరండా చాలు. మెకాలిఫ్‌కు కొత్త యంత్రం దొరికేదాకా ఆగే తీరిక లేదు. మనకూ లేదు.