ల్యాబ్‌లో కోడ్ రాసే ఉద్యోగాలు: 45 రోజుల నిబంధన ఏమైంది?

రెడ్డిగూడెం, నందిగామ, జగ్గయ్యపేట దళితవాడల నుంచి ఇంజనీరింగ్ పూర్తిచేసిన పిల్లలు హైదరాబాద్ వెళ్తే చూపంతా ఐటీ కంపెనీల మీదే. అదే నగరంలో సైన్స్ పరిశోధన సంస్థలకూ ప్రోగ్రామర్లు కావాలి. సునామీ హెచ్చరిక కేంద్రం 2007 నుంచి ఇన్‌కాయిస్‌లో నడుస్తోంది. చేపలు ఎక్కడ దొరకొచ్చో మన కోస్తా మత్స్యకారులకు చెప్పేదీ ఆ సంస్థే. ఎన్‌ఆర్‌ఎస్‌సీ 2009లో భువన్ పటాల పోర్టల్ తెచ్చింది. సీసీఎంబీలో జన్యుక్రమాల డేటాకు అర్థం తీయాలన్నా ప్రోగ్రామ్ రాయాల్సిందే.

ఈ పనిలో పర్మనెంట్ ఉద్యోగులు ఉన్నారు. వాళ్లతోపాటు ప్రాజెక్ట్ అసోసియేట్, ప్రాజెక్ట్ సైంటిస్ట్ లాంటి పేర్లతో తాత్కాలికంగా తీసుకునేవాళ్లూ ఉన్నారు. ప్రాజెక్టు డబ్బు ఉన్నన్నాళ్లే వీళ్ల కొలువు. సంస్థ వెబ్‌సైట్‌లో ప్రకటన, వాక్-ఇన్ ఇంటర్వ్యూ, అంతే. ఆ ప్రకటనల్లో ఎస్సీ, ఎస్టీలకు వయసు సడలింపు ఉండి, రిజర్వుడు పోస్టుల మాటే లేనివి కనిపిస్తాయి. వయసు సడలింపునే రిజర్వేషన్ అనుకుని మోసపోవద్దు.

45 రోజులు, అంతకు మించి సాగే తాత్కాలిక నియామకాల్లో రిజర్వేషన్ ఇవ్వాలని కేంద్రం 1968లోనే ఆదేశించింది. 2018లో, 2022లో మళ్లీ గుర్తుచేసింది. 2023లో సుప్రీంకోర్టుకూ ఇదే చెప్పింది.

మరి పోస్టులు ఎక్కడ జారిపోతున్నాయి? మా దృష్టిలో అసలు చిక్కు లెక్క కట్టే తీరులో ఉంది. ఒక్కో ప్రాజెక్టుకు ఒకే డెవలపర్ పోస్టు చూపిస్తారు. ఒకే పోస్టున్న కేడర్‌లో రిజర్వేషన్ కుదరదని 1998లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పిచ్చింది. పది ప్రాజెక్టుల్లో పదిమంది ఒకే రకం పని చేస్తున్నా, విడివిడిగా చూస్తే అన్నీ ఒంటరి పోస్టులే. సంస్థ మొత్తాన్ని ఒక యూనిట్‌గా తీసుకుని రోస్టర్ వేయాలన్నది మా వాదన.

‘సైన్స్ పోస్టులకు మినహాయింపు ఉంది’ అనే జవాబు కూడా వినిపిస్తుంది. 1975 ఉత్తర్వులోని ఆ మినహాయింపుకు షరతులున్నాయి: పోస్టు గ్రూప్-ఎ అట్టడుగు గ్రేడుకు పైన ఉండాలి, శాస్త్ర సాంకేతిక పోస్టుగా గుర్తించి ఉండాలి, పరిశోధన చేయడానికో దాన్ని నడిపించడానికో ఉద్దేశించినదై ఉండాలి. మూడూ కలిసి ఉండాలి. కొత్తగా చేరే డెవలపర్‌కు మొదటి షరతే అడ్డు.

విద్యార్థి సంఘాలు సమాచార హక్కు దరఖాస్తు వేయొచ్చు. ఫీజు పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. గత మూడేళ్లలో ఎన్ని ప్రాజెక్టు పోస్టులు నింపారు, పొడిగింపులతో కలిపి ఒక్కొక్కరు ఎన్నాళ్లు పనిచేశారు, రోస్టర్‌ను ప్రాజెక్టుల వారీగా వేశారా, సంస్థ మొత్తానికి వేశారా అని అడగండి. రోస్టర్ నకలు కూడా కోరండి. వచ్చిన జవాబును జతచేసి జాతీయ ఎస్సీ కమిషన్‌కు ఫిర్యాదు పంపొచ్చు.