కోటిలింగాల: తొలి చరిత్ర

కోటిలింగాల జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలంలో, పెద్దవాగు గోదావరిలో కలిసేచోట ఉన్న ప్రాచీన నగర స్థలం.

చుట్టూ మట్టికోట, లోపల ఇటుక కట్టడాలు, ఇనుము కరిగించగా మిగిలిన చిట్టెం ఇక్కడ బయటపడ్డాయి. ఆంధ్రులకు 30 కోట నగరాలున్నాయని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. వాటిలో ఇదీ ఒకటి కావచ్చునని చరిత్రకారుల ఊహ.

ఈ ఊరికి పేరు తెచ్చినవి నాణేలు. వానలు పడ్డాక పాటిదిబ్బ మీద తేలిన నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి చదివి ప్రకటించారు. 1979 నుంచి వి.వి. కృష్ణశాస్త్రి నేతృత్వంలో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. ఇక్కడి నాణేలపై పేర్లున్న గోబద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప అనే రాజులు అంతకుముందు ఏ గ్రంథంలోనూ కనిపించరు. శాతవాహనులకు ముందు ఇక్కడ ఏలినవారున్నారని వీరి నాణేలే చెప్పాయి.

అన్నిటికంటే విలువైనవి ‘చిముక’ పేరున్న నాణేలు. ఒకవైపు ఏనుగు, బ్రాహ్మీ లిపిలో రాజు పేరు. మరోవైపు ఉజ్జయిని గుర్తు, అంటే అడ్డగీత, నిలువుగీత, వాటి నాలుగు కొనలకు వలయాలు. ఈ చిముకుడే శాతవాహన వంశ స్థాపకుడు శ్రీముఖుడని చాలామంది పండితుల అభిప్రాయం. అంతవరకు ఆయన గురించి పురాణాలు, మహారాష్ట్రలోని నానాఘాట్‌లో విగ్రహం కింద చెక్కిన పేరు మాత్రమే ఆధారం. శాతవాహనుల పుట్టుక పశ్చిమ దక్కనులోనేనన్న వాదన ఇప్పటికీ ఉంది. అయినా ఆ వంశపు మొదటి అడుగులు గోదావరి ఒడ్డున పడ్డాయనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం మరెక్కడా దొరకలేదు.

పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్ట బౌద్ధ స్తూపం, వేలకొద్దీ నాణేలు దొరికిన పెద్దబొంకూరు ఈ నగరానికి తోడు నిలిచే స్థలాలు.

శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనుక జలాలు నేడు కోటిలింగాల చుట్టూ చేరాయి. ప్రాచీన స్థలంలో కొంత నీట మునిగింది. తవ్వింది కొంతే, మిగిలిందీ కొంతే. పొలంలోనో ఒడ్డునో పాత నాణెం దొరికితే కరిగించకండి, అమ్మకండి. దొరికిన చోటు గుర్తుపెట్టుకుని పురావస్తు శాఖకు అప్పగించండి.