రూట్ కెనాల్‌ను గట్టెక్కించిన ఎలుకలు

రూట్ కెనాల్ అనగానే మనవాళ్లు ముందు భయపడేది నొప్పికి, ఆ తర్వాత బిల్లుకి. వందేళ్ల కిందట అమెరికాలో భయం వేరు. ఆ వైద్యం చేసిన పన్ను ఒళ్లంతటికీ రోగం తెస్తుందని!

అప్పటికి ఈ వైద్యం కొత్తదేమీ కాదు. పంటి పురుగు అన్నది తన కంట పడలేదని 1728లోనే ఫ్రెంచి దంతవైద్యుడు పియెర్ ఫొషార్ రాశాడు. (మన సంతల్లో పురుగు తీసి చూపించేవాళ్లకు ఆ కబురు అందినట్టు లేదు.) 1838లో ఎడ్వర్డ్ మేనార్డ్ గడియారం స్ప్రింగును అరగదీసి, పంటి వేరులోని సన్నటి గొట్టాన్ని శుభ్రం చేసే పనిముట్టు తయారుచేశాడు. 1867లో బౌమన్ ఆ ఖాళీని చెట్టు పాలతో తయారయ్యే గట్టాపెర్చాతో పూడ్చాడు. ఇవాళ్టికీ ఎక్కువగా వాడేది దాన్నే.

1910లో బ్రిటిష్ వైద్యుడు విలియం హంటర్ మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఉపన్యసించాడు. ఆయన విరుచుకుపడింది చీము పట్టిన పంటి వేళ్ల మీద బంగారు తొడుగులు బిగించే పనితనంపైన. కానీ వైద్యలోకం తలకెక్కించుకున్నది వేరు: నరం తీసిన పన్నల్లా విషమే! కీళ్లనొప్పులకూ పళ్లు పీకారు. న్యూజెర్సీలోని ట్రెంటన్ మానసిక వైద్యశాలలో హెన్రీ కాటన్ పిచ్చి కుదురుతుందని రోగుల పళ్లు పీకించాడు. వైద్యచరిత్రలో ఇంతకన్నా సిగ్గుపడాల్సిన అధ్యాయాలు తక్కువే.

నిజానికి నరం ఉండే లోపలి గుజ్జు తీసేసినంత మాత్రాన పన్ను చచ్చిపోదు. దవడ ఎముకకు దాన్ని పట్టి ఉంచే పొరకు రక్తం బయటినుంచే అందుతుంది. అందుకే నమలడానికి ఢోకా ఉండదు. మరి లోపల కుళ్లు ఎందుకు పుడుతుంది? తిరుగులేని జవాబు 1965లో అమెరికాలో దొరికింది. కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే పరిశోధకులు ఎలుకల దంతాలకు గుజ్జు బయటపడేలా రంధ్రాలు చేసి వదిలేశారు. మామూలు ఎలుకల్లో గుజ్జు కుళ్లి చీము పట్టింది. సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లో మాత్రం, తిండి ఇరుక్కున్నా, గుజ్జు బతికే ఉంది. మూడు, నాలుగు వారాలకు గాయం మీద గట్టి పొర కట్టుకుంది.

అంటే దోషం గుజ్జుది కాదు, బాక్టీరియాది. డాక్టరు ఫైళ్లనే సన్నటి పనిముట్లతో గొట్టం గీకి, సోడియం హైపోక్లోరైట్‌తో పదేపదే కడిగేది అందుకే. 1864లో శాన్‌ఫర్డ్ బార్నమ్ పన్ను తడవకుండా పనిచేసుకోవడానికి కనిపెట్టిన రబ్బరు పరదాను ఇప్పుడు వాడే ముఖ్యకారణమూ అదే: ఉమ్మిలోని సూక్ష్మజీవి ఒక్కటి కూడా వేరులోకి జారకూడదు.