మరువబడిన కండరములు: పురుషారోగ్య చరిత్రలో ఒక అధ్యాయము

మానవశరీరమునందు కంటికి కనబడు కండరములకు గల గౌరవము కనబడని వానికి లేదు. వస్తాదు భుజమును చూచి లోకము మెచ్చుకొనును. శిల్పి విశాలవక్షమును శ్రద్ధతో తీర్చును. కాని నడుమునకు దిగువ, పొత్తికడుపు అడుగున నున్న ఎముక మొదలు వెన్నెముక చివరి ఎముక వరకు, ఉయ్యాలగుడ్డవలె వ్రేలాడుచు, మూత్రాశయమును, ప్రోస్టేటు గ్రంథిని, మలాశయమును మోయుచున్న కండరములు కొన్ని కలవు. వానిని శ్రోణితల కండరములందురు. చదువుకొన్నవారిలో సైతము వీని పేరు విననివారు పెక్కుమంది. పురుషుని దాంపత్యజీవితమునకు ఇవి ఎంతటి ఆధారమో వైద్యలోకము ఒకప్పుడు గుర్తించి, పిదప మరచి, మరల గుర్తించినది. ఆ మరపునకు అజ్ఞానమెంత కారణమో బిడియమును అంతే కారణము.

ముందుగా ఈ కండరముల పని తెలిసికొనవలెను. ఇవి రెండు పొరలుగా నున్నవి. లోపలి పొరలో ముఖ్యమైనది లివేటర్ ఏనై. పైకెత్తునది యని ఆ పేరునకు అర్థము. దగ్గినపుడు, బరువెత్తినపుడు మూత్రము జారకుండ కాపాడుటలో దీనికి ప్రధానపాత్ర కలదు. వెలుపలి పొరలో పురుషాంగ మూలమును ఆవరించి రెండు కండరములున్నవి. బల్బోస్పాంజియోసస్ యనునది మూత్రపు చివరి చుక్కలను, సంగమాంతమున శుక్రమును వెలుపలికి నెట్టును. ఇస్కియోకావర్నోసస్ యనునది ఇరుప్రక్కల కూర్చుండు ఎముకలనుండి బయలుదేరి అంగమూలమును పొదవుకొనియుండును. అంగమునందు రక్తము నిండుట నరములయొక్కయు రక్తనాళములయొక్కయు పని. నిండిన రక్తమును బిగించి, లోపలి ఒత్తిడిని గుండె పంపు రక్తపు ఒత్తిడికంటెను మిన్నగా పెంచి, పూర్ణమైన దార్ఢ్యమును కలిగించుట ఈ కండరముల పని. కావున ఇవి సడలిన పురుషునకు రక్తప్రసారము చక్కగా నున్నను సామర్థ్యము కొంత తగ్గవచ్చును.

భారతదేశమున శరీరశాస్త్ర విచారము ప్రాచీనమైనది. సుశ్రుతసంహిత మానవదేహమున 500 పేశులను లెక్కించినది. గుదమునందు ప్రవాహణి, విసర్జని, సంవరణి యను మూడు వళులను పేర్కొన్నది. నెట్టునది, విడుచునది, మూయునది యని ఆయా పనులను బట్టియే ఆ పేర్లు పెట్టబడుట గమనింపదగినది. 15వ శతాబ్దమున స్వాత్మారాముడు రచించిన హఠయోగప్రదీపికయందు మూలబంధము వర్ణింపబడినది. మడమతో సీవనీస్థానమును నొక్కి, గుదమును సంకోచింపజేసి, అపానవాయువును ఊర్ధ్వముఖముగా మరల్చుట దాని విధానము. ఘేరండసంహితలో గుదమును మాటిమాటికి ముడిచి విడుచు అశ్వినీముద్ర కలదు. ఈ సాధనలలో కదలునవి ఈ శ్రోణితల కండరములే. అయినను ఆధునిక శాస్త్రమంతయు మనవారు ముందే కనుగొనిరని చెప్పుటకు ఇది తావు కాదు. యోగులు మూలబంధమును ప్రాణనిగ్రహమునకై ఉపదేశించిరి గాని దాంపత్యసౌఖ్యమునకై కాదు. వారి లక్ష్యము వేరు. వారు పనిచేయించిన కండరము మాత్రము ఇదియే.

ఐరోపాలో ఈ విషయమై మొదట ప్రబలినది వాయుసిద్ధాంతము. పురుషాంగము వాయువుచే నిండునని గ్రీకు వైద్యులు తలచిరి; క్రీ. శ. 2వ శతాబ్దపు గాలెన్ ప్రతిష్ఠచే ఆ భావము శతాబ్దములపాటు నిలిచెను. లియొనార్డో డావించి ఉరితీయబడినవారి దేహములను పరీక్షించి, అంగమును నింపునది వాయువు కాదు, రక్తమని వ్రాసికొనెను. 1573లో ఇటలీ వైద్యుడు కోస్టాంజో వరోలియో అంగమూలమునందలి కండరములే దార్ఢ్యమునకు కారణమని వాదించెను. ఆ భావము పేర్లలో చాలకాలము నిలిచియుండెను. 1858లో లండనులో వెలువడిన హెన్రీ గ్రే శరీరశాస్త్ర గ్రంథమున ఇస్కియోకావర్నోసస్ కండరము అంగమును నిలుపునదనియు, దాని తోడిది మూత్రమును త్వరపెట్టునదనియు అర్థము వచ్చు పేర్లతో కనబడును.

తరువాత దృష్టి మారినది. 1863లో జర్మనీ దేశీయుడు కొన్రాడ్ ఎక్‌హార్డ్ కుక్కల త్రికప్రదేశపు నరములను ప్రేరేపించి అంగదార్ఢ్యము కలిగించెను. అది గొప్ప విజయమే. కాని నరములు, రక్తనాళములు ముందునకు రాగా కండరములు వెనుకకు పోయినవి. గ్రంథములలో వాని పనిని తెలుపు పేర్లు తొలగి, ఉన్న చోటును తెలుపు పేర్లు నిలిచినవి. 20వ శతాబ్దమున చాలకాలము ఈ లోపమునకు మనస్సే మూలమను అభిప్రాయము బలముగా నుండెను. అట్లు కండరము పుస్తకమున మిగిలి, చికిత్సలో మాయమైనది.

దానిని మరల చికిత్సలోనికి తెచ్చినది పురుషుల వ్యాధి కాదు, స్త్రీల ప్రసవబాధ. అమెరికాలోని లాస్ ఏంజిలిసు నగరమున స్త్రీవైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్, ప్రసవానంతరము మూత్రము జారు స్త్రీలకు ఈ కండరముల వ్యాయామమును నేర్పి 1948లో తన అనుభవమును ప్రకటించెను. కండరము ఎంత బిగిసినదో చూపు ఒత్తిడి కొలమానమును ఆయన రూపొందించెను. కంటికి కనబడని కండరపు బలమును రోగి ముల్లు కదలికలో తానే చూచుకొనగల్గెను. ఈ వ్యాయామమునకు నేటికిని ఆయన పేరే నిలిచియున్నది. ప్రసవమనునది స్త్రీని మంత్రసాని వద్దకో వైద్యుని వద్దకో చేర్చును. అక్కడ మాట బయటకు వచ్చును. పురుషునకు అట్టి సందర్భము లేదు. అతడు చెప్పుకొనడు, చెప్పనిదానిని వైద్యుడు అడుగడు. ఒకే కండరమైనను పురుషుని వంతు వచ్చుటకు దాదాపు అర్ధశతాబ్దము పట్టుటకు ఈ మౌనము ఒక ముఖ్యకారణము.

1986లో ఫ్రాన్సు దేశీయుడైన లావోసియే, ఆయన సహచరులు ఇస్కియోకావర్నోసస్ బిగిసినపుడు అంగములోని ఒత్తిడి పెరుగుటను మానవులయందు కొలిచి చూపిరి. 1993లో బెల్జియంలో క్లేస్, బేర్ట్ అను వైద్యులు, రక్తము నిలువక సిరలగుండ జారిపోవు 150 మంది రోగులలో శస్త్రచికిత్సను ఈ వ్యాయామముతో పోల్చి, శస్త్రచికిత్స మిన్న కాదని తేల్చిరి. వ్యాయామముచే తృప్తి కలిగి శస్త్రచికిత్సను వలదన్నవారును వారిలో ఉండిరి.

ప్రోస్టేటు కేన్సరు చికిత్స మరియొక మార్గము తెరచినది. ఆ గ్రంథిని తీసివేసినపుడు పురుషత్వము పోవుట తప్పనిసరియని చాలకాలము తలచిరి. 1981లో హాలండులోని లైడెనులో పీటర్ డాంకర్, అమెరికా శస్త్రవైద్యుడు పాట్రిక్ వాల్ష్ కలిసి, సంబంధిత నరములు గ్రంథి వెలుపలగా పోవునని గుర్తించిరి. 1982లో బాల్టిమోరున వాల్ష్ ఆ నరములను కాపాడుచు శస్త్రచికిత్స చేసెను. అయినను శస్త్రచికిత్స పిమ్మట మూత్రము జారు బాధ అనేకులకు మిగిలెను. 2000లో బెల్జియంలో మరైకె వాన్ కాంపెన్ బృందము 102 మందిని పరిశీలించినది. మూడు నెలలకు శ్రోణితల శిక్షణ పొందినవారిలో 88 శాతము మందికి, పొందనివారిలో 56 శాతము మందికి మూత్రముపై పట్టు వచ్చెను. 2005లో ఇంగ్లండులో గ్రేస్ డోరే, దార్ఢ్యలోపము గల 55 మంది పురుషులపై జరిపిన పరిశీలన ప్రకటించెను. ఆరు నెలలకు 40 శాతము మందికి సామాన్యస్థితి తిరిగి వచ్చినది, 35.5 శాతము మందికి కొంత మేలు కలిగినది, 24.5 శాతము మందికి ఫలితము లేదు. ఇది సర్వరోగనివారిణి కాదని చివరి సంఖ్యయే చెప్పుచున్నది.

సాధన సులభమైనది. అపానవాయువును ఆపుటకు బిగించు కండరమునే, పిరుదులను, తొడలను, పొట్టను బిగింపక, ఊపిరి బిగబట్టక, కొన్ని క్షణములు పైకి లాగి, అంతసేపును సడలింపవలెను. కూర్చుండియు, నిలుచుండియు, పరుండియు చేయవచ్చును. బల్లముందు కూర్చుండి కాగితములు చూచు ఉద్యోగికి దీనికై వేరు స్థలము, వేరు పరికరము అక్కరలేదు. ఫలితమునకు మూడు నెలలైనను ఓపిక పట్టవలెను. మూత్రము పోవునపుడు మధ్యలో ఆపుటను అలవాటు చేసికొనరాదు. కొందరికి ఈ కండరములు సడలియుండుటకు బదులు మితిమీరి బిగిసి నొప్పి కలిగించును. అట్టివారు నేర్వవలసినది సడలింపు. వారికి బిగింపు సాధన హానికరము. అన్నింటికంటె ముఖ్యము, దార్ఢ్యలోపము మధుమేహమునకు, రక్తపుపోటునకు, గుండెజబ్బునకు తొలి సూచన కావచ్చును. వైద్యునికి చూపక వ్యాయామముతో సరిపెట్టుకొనుట ప్రమాదము. 1998లో వచ్చిన సిల్డెనాఫిల్ మాత్ర అనేకులకు మేలు చేసినది. కాని అదియును వైద్యుడు చెప్పి ఇవ్వవలసినదే.

దక్షిణాసియాలో ఈ మౌనమునకు మరియొక రూపము కలదు. శుక్రనష్టముచే దేహము క్షీణించునను భయముతో నీరసించు యువకుల బాధకు 1960లో మానసిక వైద్యుడు ఎన్. ఎన్. విగ్ ధాతు సిండ్రోము అని పేరు పెట్టెను. ఆ భయము మీదనే గోడలపై గుప్తరోగ ప్రకటనలు వ్రాయించువారి వ్యాపారము సాగుచున్నది. అసలు వైద్యునికి చెప్పుటకు సిగ్గుపడు పురుషుడు అపరిచితునికి సొమ్ము చెల్లించి మోసపోవుచున్నాడు. ఇంటిలో ఇల్లాలు కారణము తెలియక తననే నిందించుకొనుచున్నది.

వాయువు, రక్తము, నరము, మనస్సు, కండరము అని ఒక్కొక్క యుగము ఒక్కొక్కదానిని మూలమని పట్టుకొన్నది. అన్నియు కలిసినగాని ఈ కార్యము నడువదని నేటి శాస్త్రము తెలిపినది. కన్నునకు, పంటికి, మోకాలికి వైద్యుని అడుగుటలో లేని అవమానము దీనికి మాత్రము ఉండనేల? భార్యాభర్తలు ఒకరితో నొకరును, ఇరువురును వైద్యునితోను నెమ్మదిగా మాట్లాడుకొనగలిగినచో, ఈ చికిత్సలో కష్టమైన భాగము తీరినట్లే.