పత్తి న్యాయం, ఎద్దు న్యాయం: డోప్ పరీక్షల్లో దోషి ఎవరు?

ఈ వ్యాసం తొలిరూపాన్ని ఒక సదస్సులో చదివినప్పుడు అధ్యక్షత వహించిన ఆచార్యులు "బండలాగే ఎద్దులకూ అంతర్జాతీయ అథ్లెట్లకూ పోలికేమిటండీ?" అన్నారు. సభంతా నవ్వింది. నేను కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని ఆదోని బస్సెక్కాను. పోలిక ఉంది. దాన్ని నేను తెచ్చి అతికించలేదు, డోప్ పరీక్ష పుట్టుకలోనే ఉంది. ఆ నవ్వుకు జవాబుగానే దీన్ని తిరగరాశాను.

ఆ పెద్దాయన వాదం మన దగ్గర క్రీడల మీద రాసేవాళ్లలో చాలామందికి ఇష్టమైనదే. డోపింగ్ పడమటి దేశాల ప్రయోగశాలల్లో పుట్టిన జబ్బట. మన క్రీడాకారులు పల్లెల నుంచి వస్తారు, తెలియక మింగుతారు, దొరికిపోతారట. నాలుగు అవగాహన తరగతులు పెడితే సరిపోతుందట. ఇందులో మొదటి మాట సగం నిజం, రెండోది జాలి, మూడోది చేతులు దులుపుకోవడం.

మొదటి మాట సంగతి ముందు చూద్దాం. 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్ మారథాన్‌లో గెలిచిన థామస్ హిక్స్‌కు దారి పొడవునా అతని మనుషులు కోడిగుడ్డు తెల్లసొన, బ్రాందీలతో పాటు స్ట్రిక్నిన్ పట్టించారు. స్ట్రిక్నిన్ అంటే మన నల్లమలలో కాసే ముషిణి గింజలోని విషమే. దాదాపు నూరేళ్ల తర్వాత, 2001లో, ఆసియా వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో కుంజరాణీ దేవి నమూనాలో తేలిందీ అదే. ఆమెకు ఆరు నెలల నిషేధం పడింది. ముషిణి చెట్టుకు తూర్పూ పడమరా తెలియవు. అంతకన్నా గమనించాల్సింది హిక్స్ కథలోని క్రియాపదం. అతను తాగలేదు, అతనికి పట్టించారు. ఈ 'పట్టించడం' మీద మన పరిశోధకులు ఎందుకు ఆగరన్నదే నా ఫిర్యాదు.

ఆదోని నమూనా

పత్తి సీజన్‌లో ఆదోని మార్కెట్ యార్డుకు పొద్దున్నే వెళ్లి నిలబడితే నమూనా అంటే ఏమిటో ఏ పుస్తకమూ చెప్పనంత బాగా తెలుస్తుంది. లాటులోంచి పిడికెడు పత్తి లాగుతారు. వేళ్లతో పింజ విడదీస్తారు, గింజ నలిపి చూస్తారు. సీసీఐ (భారత పత్తి సంస్థ) వాళ్లయితే తేమ మీటరు పెడతారు. 8 శాతం దాకా పూర్తి ధర, ఆ పైన 12 దాకా కోత, 12 దాటితే సరుకు వెనక్కి. ఆ తేమ వానదా, మంచుదా, దారిలో పట్ట కప్పని ట్రాక్టరువాడి పుణ్యమా అని ఎవరూ అడగరు. సరుకు ఎవరి పేరున ఉంటే నష్టం వాళ్లది. దీన్ని 'పత్తి న్యాయం' అందాం.

ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నియమావళి 2.1 అధికరణం అచ్చంగా ఇదే. నిషిద్ధ పదార్థం ఒంట్లోకి రాకుండా చూసుకోవడం అథ్లెట్ బాధ్యత. నమూనాలో కనబడితే తప్పు జరిగినట్టే. ఎలా వచ్చిందన్న ప్రశ్న శిక్ష తగ్గించుకోవడానికి పనికొస్తుందే గానీ తప్పును చెరపదు. అథ్లెట్‌కు మళ్లీ పరీక్షించుకోవడానికి బి-సీసా ఉంటుంది, రైతుకు ఉండదు, తేడా అంతే. పరీక్ష జరిగిన తీరులోనే లోపం బయటపడితే సంగతి వేరు. 2002 బూసాన్ ఆసియా క్రీడల్లో 1500 మీటర్ల స్వర్ణం, 5000 మీటర్ల కాంస్యం గెలిచిన సునీతా రాణి నాండ్రోలోన్ అనే స్టెరాయిడ్ పేరుతో పతకాలు పోగొట్టుకుంది. ప్రయోగశాల లెక్కల్లో తేడాలు తేలాక 2003లో వాటిని తిరిగి ఇచ్చారు. అక్కడ కూడా అందరూ సీసాను పట్టుకుని వాదించుకున్నారే గానీ దాని వెనక ఎవరున్నారని అడగలేదు.

ఎమ్మిగనూరు పాఠం

ఆదోని నుంచి ముప్పై కిలోమీటర్లు కూడా పోకముందే ఇంకో న్యాయం ఎదురవుతుంది. జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర వస్తే ఆ చుట్టుపక్కల మాటలన్నీ ఎద్దుల చుట్టూనే తిరుగుతాయి. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు. ఇన్ని నిమిషాల్లో బండను ఎన్ని అడుగులు లాగిందని లెక్క.

ఆ ప్రాంతంలోనే ఒక పల్లె తేరులో మూడేళ్ల కిందట నేను చూసింది ఇది. ఒక జత బరిలోకి వస్తూనే నురగ కక్కుతూ అడ్డదిడ్డంగా ఈడ్చింది. సారా పట్టించారని గుసగుస లేచింది. పెద్దమనుషులు బండ ఆపించి, కాడి దింపించి, యజమానిని పక్కకు పిలిచారు. అతను తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి భుజాన వేసుకుని తల దించుకున్నాడు. ఈలోగా ఒక ముసలావిడ బిందెతో నీళ్లు తెచ్చి ఎద్దుల ముట్టెలు కడిగింది, నుదుటి కుంకుమ చెమటకు కారిపోతే మళ్లీ దిద్దింది. నా పక్కన కూర్చున్న రైతును కదిలిస్తే ఒక్కటే మాట అన్నాడు: "ఎద్దుకేం తెలుసప్పా? పట్టించినోన్ని అడగల్ల."

'ఎద్దు న్యాయం' అంటే ఇదే. ఇది పల్లెటూరి జాలి మాత్రమే అనుకుంటే పొరపాటు, చట్టమూ ఇదే చెబుతుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం జంతువుకు కావాలని హానికరమైన మందు పెట్టినవాడిది నేరం. మందు కడుపులో ఉన్న జంతువు మీద కేసు ఉండదు.

ఇప్పుడు ఆచార్యుల నవ్వు దగ్గరికి వద్దాం. డోప్ పరీక్ష మొదట జరిగింది మనిషికి కాదు, గుర్రానికి. 1910లో రసాయనవేత్త బుకోవ్‌స్కీ ఆస్ట్రియాలో పందెపు గుర్రాల లాలాజలంలో ఆల్కలాయిడ్ల జాడ పట్టాడు. 1928లో అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య మనుషులకు డోపింగ్ నిషేధించింది. 1968 నుంచి ఒలింపిక్స్‌లో పరీక్షలు మొదలయ్యాయి. గుర్రపుశాల నుంచి రన్నింగ్ ట్రాక్‌కు వచ్చేటప్పుడు పరీక్ష తన సీసానూ రసాయనాన్నీ వెంట తెచ్చుకుంది. మూగజీవికి అంటగట్టని నేరాన్ని మాత్రం మనిషి ఒంటికి అంటగట్టింది. లాయంలో యజమానిని పట్టుకున్న చెయ్యి ట్రాక్ మీద పరిగెత్తినవాళ్ల మెడ పట్టుకుంది.

జిన్‌సెంగ్ డబ్బా

నేరం ఇలా పరిగెత్తినవాళ్ల మెడకే చుట్టుకుంటుందనడానికి 2011 నాటి రిలే బృందం కేసును మించిన సాక్ష్యం లేదు. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లోనూ గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లోనూ 4×400 మీటర్ల రిలే స్వర్ణం గెలిచిన అమ్మాయిల్లో అశ్విని అక్కుంజి ఒకరు. ఉడుపి జిల్లా రైతు కుటుంబం. మరుసటి ఏడాది ఆమెతో పాటు మన్‌దీప్ కౌర్, సిని జోస్, జౌనా ముర్ము, టియానా మేరీ థామస్, ప్రియాంకా పన్వర్ నమూనాల్లో స్టెరాయిడ్లు తేలాయి. తమ ఉక్రెయిన్ కోచ్ యూరీ ఒగొరొద్నిక్ చైనా నుంచి తెచ్చి ఇచ్చిన జిన్‌సెంగ్ వల్లే ఇలా జరిగిందని వాళ్లు చెప్పుకున్నారు. కోచ్‌ను పనిలోంచి తీసేశారు. 2011 డిసెంబరులో జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా) క్రమశిక్షణ సంఘం అమ్మాయిలు కోచ్‌ను నమ్మారన్నది కొంత లెక్కలోకి తీసుకుని ఏడాది నిషేధంతో సరిపెట్టింది. అంతర్జాతీయ సమాఖ్య ఒప్పుకోలేదు. 2012 జులైలో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాన్ని రెండేళ్లు చేసింది. లండన్ ఒలింపిక్స్ వాళ్లు లేకుండానే జరిగిపోయాయి.

ఇందులో వరస గమనించండి. శిబిరం ప్రభుత్వానిది, కోచ్‌ను పెట్టింది ప్రభుత్వం, డబ్బా తెచ్చింది కోచ్. ఆ శిబిరంలో కోచ్ ఇచ్చినదాన్ని వద్దనే అమ్మాయి రిలే జట్టులో ఎన్నాళ్లు ఉంటుంది? నాడా సంఘం కాసేపు ఎద్దు న్యాయం వైపు మొగ్గింది. పై న్యాయస్థానం దాన్ని తిరిగి పత్తి యార్డుకు తోలింది. కోచ్ ఉద్యోగం పోయింది, వాళ్ల పరుగు పోయింది. ఈ రెండు నష్టాలు ఒకటేనా?

హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి సాధన చేసిన స్ప్రింటర్ ద్యుతీ చంద్ కేసూ ఇదే దారి పట్టింది. 2022 డిసెంబరు నమూనాల్లో సార్మ్స్ అనే కండ పెంచే నిషిద్ధ మందులు దొరికాయి. గజ్జల నొప్పికి ఫిజియోథెరపిస్టు సలహాతో వాడానని ఆమె చెప్పుకుంది. 2023 ఆగస్టులో నాలుగేళ్ల నిషేధం పడింది. అదే ఏడాది సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర పోటీలకు పరీక్షల వాళ్లు వచ్చారని తెలిసి మిగతావాళ్లు తప్పుకోవడంతో 100 మీటర్ల ఫైనల్‌లో ఒక్కడే పరిగెత్తాడు. వాళ్లను పొమ్మన్నది ఎవరో ఊహించడం కష్టం కాదు.

వాడా నియమావళిలో కోచ్‌లకూ డాక్టర్లకూ శిక్షలు లేకపోలేదు, కెనడా స్ప్రింటర్ బెన్ జాన్సన్ లాంటి వాళ్లు తెలిసే తీసుకున్నారన్నదీ నిజమే. కానీ వాడా లెక్కల్లో 2023లో అన్ని క్రీడల్లో కలిపి భారత్ నుంచి పరీక్షించిన 5,606 నమూనాల్లో 213 పట్టుబడ్డాయి. ఆ 213 సీసాల్లో చాలావాటి వెనక ఎవరో ఒకరి చెయ్యి ఉందనే నా నమ్మకం. పల్లె నుంచి వచ్చిన అమ్మాయి స్టెరాయిడ్ అణువును తనంతట తాను వెతుక్కోదు. కాబట్టి మన దేశంలో డోపింగ్ తెలియనితనం కాదు, పట్టించడమే. తరగతులు పెట్టాల్సింది పరిగెత్తేవాళ్లకు కాదు.

ఈ మధ్య ఆదోనిలో ఒక మైదానంలో పోలీసు కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతున్న కుర్రాళ్లతో తెల్లవారుజామున కూర్చున్నాను. 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి. ఒకడి సంచిలో ప్రొటీన్ పౌడర్ డబ్బా ఉంది, దాని మీద లేబుల్ సగం చిరిగి ఉంది. ఇందులో ఏముందని అడిగాను. "సారు ఇచ్చినాడు సార్, తాగుతున్నా" అన్నాడు. ఇతనికి డోప్ పరీక్ష ఎన్నడూ జరగకపోవచ్చు. జరిగితే అథ్లెట్ నింపే ఫారంలో గడిచిన ఏడు రోజుల్లో ఏ మందులు, ఏ సప్లిమెంట్లు తీసుకున్నావని అడుగుతారు. డబ్బా పేరు రాయడానికి చోటుంటుంది. దాన్ని చేతిలో పెట్టింది ఎవరో రాయడానికి గడి ఉండదు. ఆ కుర్రాడు మాత్రం నేను అడగకముందే ఆ గడి నింపేశాడు.